చెవులమ్మ పక్కన చోటు

మా అక్క మొగుడు మైకు మింగి పుట్టాడని మా అమ్మ తిట్టేది. ‘మైకు’ అన్న పేరే ఆయనకి ఖాయమైపోయింది. కూరగాయల మార్కెట్లో ఆయన వేలంపాట పాడేవాడు. తెల్లారి లారీలు దిగేసరికి స్టూలెక్కి నిలబడి, బస్తాల వైపు చెయ్యి చూపిస్తూ ‘ఒకటోసారీ... రెండోసారీ...’ అని ఎత్తుకున్నాడంటే, రోడ్డుకవతల మంగలి షాపులో గడ్డం గీయించుకునేవాళ్ళు ఉలిక్కిపడేవారు. మంగలి తెలివైనవాడు. కత్తి పక్కన పెట్టేసి, ‘మూడోసారి’ అన్నాకే మళ్ళీ చేతిలోకి తీసుకునేవాడు. ఒకరోజు ఆ తెలివి కాస్త ఆలస్యంగా వచ్చింది. నా బుగ్గ మీద ఈ మచ్చ అప్పటిదే.

ఇంట్లోనూ అదే గొంతు. మెల్లగా మాట్లాడటమంటే ఏమిటో ఆయనకి తెలీదు. మంచినీళ్ళడిగినా వేలమే. వాళ్ళుండేది ఓ వరస ఇళ్ళలో నడిమి వాటా. ఆయన తుమ్మితే అటూ ఇటూ వాళ్ళు గోడ కొట్టేవారు. పిల్లల్లేరు, ఇద్దరే మనుషులు, అయినా ఆ ఇంట్లో ఓ బడి నడుస్తున్నట్టుండేది.

“ఏమయ్యా, నేనేమన్నా చెవిటిదాన్నా? నీ పక్కనేగా చచ్చాను!” అని అక్క నెత్తి కొట్టుకునేది.

“నేనేం అరిచానే? మామూలుగానే మాట్లాడాను కదా!” అని ఆయన ఇంకాస్త గట్టిగా అరిచేవాడు.

మా అక్క చీరలు అడగలేదు, నగలు అడగలేదు. ఒక్క పూట నోరు మూసుకుని ఉంటే అదే పదివేలు అనేది. ఆ మాట ఆమె ఎన్నిసార్లు అందో లెక్కలేదు. నా ఎదుట, పక్కింటాళ్ళ ఎదుట, ఆయన మొహం మీద కూడా అంది. ఆయన పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వుకి మళ్ళీ గోడ కొట్టేవారు.

తర్వాత మార్కెట్టుని ఊరి బయటికి తరలించారు. అక్కడ గోడకి పెద్ద కరెంటు బోర్డు పెట్టారు. అంకెలు అందులో వెలుగుతాయి, కొనేవాళ్ళు బటన్లు నొక్కుతారు. గొంతుతో పనిలేదు. బావ స్టూలు చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. ఆ స్టూలు మీద అక్క గ్యాస్ పొయ్యి పెట్టుకుంది.

నాది బ్యాగుల రిపేరు కొట్టు. జిప్పులు మారుస్తాను, పట్టీలు కుడతాను. కొట్టంటే కొట్టు కాదు. పాత జైలు బయటి గోడకి ఆనుకుని ఓ రేకు, దాని కింద నా కుట్టుమిషను, అంతే. ఆ జైలు మూతబడి చాలా కాలమైంది. ఒకప్పుడు ప్రభుత్వానికి ఎదురు తిరిగినవాళ్ళని అందులో వేసి కుళ్ళబెట్టారు. కొందరు బయటికొచ్చారు, చాలామంది రాలేదు. ఇప్పుడు దాన్ని చూడ్డానికి జనం వస్తారు. కాపలాకి మనిషి కావాలని తెలిసి బావని నేనే తీసుకెళ్ళాను. అక్కడ చెయ్యాల్సిన ఉద్యోగమేమిటో సరిగ్గా కనుక్కుని ఉంటే తీసుకెళ్ళేవాణ్ణి కాదేమో. అది నిశ్శబ్దానికి కాపలా.

ఆ జైల్లో రెండు గోడలున్నాయి. బయటి గేటు దాటితే ఓ ఆవరణ, ఆ ఆవరణకి అటువైపు ఇంకో గోడ, దాని వెనక లోపలి ఆవరణ, ఖైదీల గదులు. ఆ రోజుల్లో ఖైదీల ఇంటివాళ్ళని మొదటి ఆవరణ దాకా రానిచ్చేవారట, లోపలికి మాత్రం పంపేవారు కాదట. లోపలి గోడలో, నేలకి మూరెడెత్తున, అడ్డంగా ఓ సన్నటి కంత ఉంది. గాలి కోసం పెట్టారో, నీళ్ళు పోవడానికి పెట్టారో ఎవరికీ తెలీదు. దానికి చెవి ఆనిస్తే అటువైపు మాట వినబడుతుంది. ఇంటివాళ్ళు వంతులేసుకుని అక్కడ కూర్చునేవారు. లోపల ఎవరైనా దగ్గినా, పేరు పిలిచినా, ఏడ్చినా, అది తమవాడేనేమోనని వినేవారు.

సరిగ్గా అక్కడే ఓ శిల్పి కంచు బొమ్మని కూర్చోబెట్టాడు. మోకాళ్ళు ముడుచుకుని, తల మీద ముసుగు కప్పుకుని, కళ్ళు మూసుకుని, కంతకి చెవి ఆనించిన ఆడమనిషి. దిమ్మె లేదు, చుట్టూ గొలుసులు లేవు, ఉత్త నేల మీద కూర్చుంది. మా సందులో వాళ్ళు ఆమెకి చెవులమ్మ అని పేరు పెట్టారు. ఆమె పక్కన ఇంకొకరు కూర్చునేంత చోటు వదిలాడు ఆ శిల్పి. వచ్చినవాళ్ళు ఆ చోట కూర్చుని తామూ గోడకి చెవి పెట్టొచ్చు. గేటు దగ్గర పెద్ద బోర్డేమీ లేదు. ‘ఇక్కడ మాట్లాడకండి, వినండి’ అని ఉంది, అంతే.

అలాంటి చోట మా మైకు బావని నిలబెట్టాం!

మొదటిరోజే ఎవరో ఇద్దరు గుసగుసలాడుకుంటుంటే బావ ఆవరణకి ఈ కొస నుంచి “నిశ్శబ్దం!” అని అరిచాడట. పావురాలన్నీ లేచిపోయాయి. ఒకావిడ చేతిలో ఫోను కింద పడి పగిలింది. మేనేజరమ్మ పరుగున బయటికొచ్చింది.

“అయ్యా, మీరొక్కరు నోరు మూసుకుంటే చాలు. ఇక్కడ ఇంకెవర్నీ మూయించక్కర్లేదు,” అంది.

బావకి రోషమెక్కువ. ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. పెదాల మీద వేలు పెట్టి చూపించడం నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి ఆ వేలు కూడా అక్కర్లేకపోయింది, ఊరికే ఒక చూపు చూసేవాడు. రోజూ మెత్తటి గుడ్డతో చెవులమ్మ భుజాల మీద పావురాల రెట్ట తుడిచేవాడు. జనం నిమిరీ నిమిరీ ఆమె చెవి బంగారంలా మెరిసేది. దాన్ని మాత్రం గుడ్డతో ముట్టేవాడు కాదు. అది వాళ్ళ తుడుపు, నాది కాదు అనేవాడు.

అక్కడ ఇంకో పద్ధతుంది. ఆ జైల్లో ఉన్నవాళ్ళ పిల్లలో మనవలో ఎవరైనా వస్తే, తెరిచే వేళేనా కాదా అని చూడకూడదు, తలుపు తీసి లోపలి ఆవరణలోకి పంపేయాలి. వాళ్ళని పలకరించకూడదు, వాళ్ళంతట వాళ్ళు వెళ్ళేదాకా దగ్గరికి కూడా పోకూడదు. బావకి ఆ పని మీద ఎక్కడలేని భక్తి కుదిరింది. అలాంటివాళ్ళు వస్తే ఆయన నడక కూడా మారిపోయేది, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ తప్పుకునేవాడు. ఆయన్ని చూసి నాకు నవ్వొచ్చేది. నేను నవ్వితే కోప్పడేవాడు, అదీ చూపుతోనే.

ఇంట్లో కూడా గొంతు తగ్గింది. మొదట ఎవరికీ నమ్మకం కుదర్లేదు. తర్వాత అక్క ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

“అందరి మొగుళ్ళూ జైలుకెళ్ళి చెడిపోతారు, నా మొగుడు జైలుకెళ్ళి బాగుపడ్డాడు,” అని వాడంతా చెప్పుకుంది. పక్కవాటా వాళ్ళు పనిగట్టుకుని వచ్చి కుశలం అడిగి వెళ్ళారు. సాయంత్రాలు ఆయన గుమ్మంలో కూర్చుని గుసగుసగా ఏదో చెబుతుంటే, అక్క పక్కన కూర్చుని వినేది. కొత్తగా పెళ్ళైనవాళ్ళలా ఉన్నారని నేనే ఎగతాళి చేశాను. “పోరా,” అని సిగ్గుపడింది కూడా. ఇన్నేళ్ళ కాపురంలో మా అక్క సిగ్గుపడటం నేను చూసింది అదే.

అంతా బాగానే ఉంది. ఆ లారీ వచ్చేదాకా.

మా సందు ఇరుకు. ఆరోజు ఇసుక లారీ ఒకటి వెనక్కి వస్తోంది. నేను దానికి వీపు పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఓ స్కూలు బ్యాగుకి పట్టీ కుడుతున్నాను. అన్నం వేళ కావడంతో బావ గేటు బయట నిలబడి ఉన్నాడు. లారీ నా మీదికి రావడం ఆయన చూశాడు. నోరు తెరిచాడు. గొంతు రాలేదు. చప్పట్లు కొట్టాడట, నేల మీద కాలు తన్నాడట, చివరికి పరుగెత్తుకొచ్చి నా కాలరు పట్టి పక్కకి లాగాడు. నా మడమ నలిగింది. మిషను మాత్రం రేకుతో సహా చదునైపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. “కళ్ళెదుట బామ్మర్ది చస్తుంటే నీకు నోరు పెగల్లేదా? ఊరంతా వినబడే గొంతేసుకుని, ఒక్క కేక వెయ్యలేకపోయావా?” అని నడిరోడ్డు మీద ఆయన్ని పట్టుకుని కడిగేశాను.

బావ గోడకి ఆనుకుని కాసేపు రొప్పాడు. తర్వాత గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూపించాడు. నోటి దగ్గర చెయ్యి పట్టి దగ్గి, ఆ చెయ్యి నా ముందు తెరిచాడు. ఎర్రగా ఉంది.

అప్పుడర్థమైంది నాకు. ఆయన మెల్లగా మాట్లాడటం నేర్చుకోలేదు. ఆయన గొంతు చచ్చిపోతూ వచ్చింది. చుట్టూ నిశ్శబ్దం కాబట్టి ఒక్కడికీ తెలీలేదు. వేరే ఏ ఉద్యోగంలో ఉన్నా వారంలో పట్టేసేవారు. ఇక్కడ మేనేజరమ్మ మెచ్చుకుంది, ఇంట్లో పెళ్ళాం మురిసిపోయింది.

“ఎన్నాళ్ళ నుంచి?” అన్నాను.

చాలా రోజులన్నట్టు చెయ్యి ఊపాడు.

“మరి చెప్పవేం? నీకేమన్నా బుద్ధుందా?”

నా చెవి దగ్గరికి వంగి, గాలి లాంటి గొంతుతో, “మీ అక్క సంతోషంగా ఉంది కదరా,” అన్నాడు.

ఆ మాటకి నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. ఎవరి మీదో కూడా తెలీదు. ఆయన మీద, అక్క మీద, గేటు దగ్గర ఆ ‘మాట్లాడకండి’ బోర్డు మీద, ఆ దిక్కుమాలిన కంచు బొమ్మ మీద. వాళ్ళంతా కలిసి ఓ మనిషిని మాట్లాడకుండా చంపేశారనిపించింది.

ఆస్పత్రిలో డాక్టరు చల్లగా చెప్పాడు. క్యాన్సరు, బాగా ముదిరింది, గొంతులో మాట పుట్టే చోటుని మొత్తం తీసెయ్యాలి. ఊపిరికి మెడ దగ్గర రంధ్రం పెడతారు. మాట ఇక ఉండదు. తీసేసినా ఎన్నాళ్ళుంటాడో చెప్పలేం. బావ అన్నీ విని, సరే అని తలూపాడు. మార్కెట్లో పాట ముగిసినప్పుడూ అలాగే ఊపేవాడు.

అక్కకి నేను చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. మా ఇద్దరి మొహాలు చూసి ఆమే కూపీ లాగింది. విన్నాక ఏడవలేదు. పొయ్యి ఆర్పేసి, పొయ్యి కింద స్టూలు తీసి, దాన్ని గుడ్డతో తుడిచి, ఆయన ముందు పెట్టింది.

“ఎక్కు,” అంది.

బావ కదల్లేదు.

“ఎక్కి అరువయ్యా. నీకు దణ్ణం పెడతాను. నోర్ముయ్యమన్నాను కదా ఇన్నేళ్ళూ, నా నోరు పడిపోను. ఒక్కసారి మూడోసారి దాకా పాడు. గోడ కొడితే కొట్టనీ.”

ఆయన స్టూలెక్కాడు. నోరు తెరిచాడు. పెదాలు ‘ఒకటోసారి’ అని ఆడాయి. వచ్చింది గాలి ఒక్కటే. అక్క ఇంకా దగ్గరికి జరిగి, చెవి పైకెత్తి నిలబడింది. ఆయన మళ్ళీ ప్రయత్నించాడు, దగ్గు తెర వచ్చేసింది. స్టూలు దిగి అటు తిరిగి కూర్చున్నాడు. అటూ ఇటూ ఏ గోడా మోగలేదు.

కాసేపటికి ఆయనకే తట్టింది. నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాడు. లోపలి ఆవరణలో ఆ కంత దగ్గర నోరు పెట్టి ఊపిరి పీల్చినా సరే, ఇవతల చెవులమ్మ పక్కన పెద్దగా వినబడుతుందట. ఆయనా, ఇంకో కాపలావాడూ ఎన్నోసార్లు చూశారట. ఆస్పత్రిలో చేరే రోజు, గేటు తెరవక ముందే వెళ్దాం, మీ అక్కని బొమ్మ పక్కన కూర్చోబెడదాం, నేను అటువైపు నుంచి పిలుస్తాను అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన కళ్ళలో మార్కెట్టు నాటి మెరుపు చూశాను. నేను చెబితే అక్క ఆ మాట విని, పెళ్ళికి వెళ్ళేదానిలా తల దువ్వుకుంది.

అనుకున్నట్టే పొద్దున్నే వెళ్ళాం. ఆస్పత్రి బట్టల సంచి నా భుజానికి తగిలించుకున్నాను. మేనేజరమ్మ కాదనలేదు. అక్క చెవులమ్మ పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. కంతకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుంది. పక్కపక్కన ఇద్దరూ ఒకేలా ఉన్నారు. నాకు చూడబుద్ధి కాలేదు. బావా, నేనూ చిన్న తలుపులోంచి లోపలి ఆవరణలోకి వెళ్ళాం.

లోపల ఒక ముసలాయన ఉన్నాడు.

ఆ జైల్లో ఉన్నవాళ్ళ తాలూకు మనిషి. ఎక్కడి నుంచి ప్రయాణం చేసి వచ్చాడో, పక్కన సంచీ, చేతికర్ర. వేళ చూడకుండా తలుపు తీయాలన్న ఆ పద్ధతి ప్రకారం మరో కాపలావాడు ఆయన్ని ముందే లోపలికి పంపాడు. ఆయన సరిగ్గా ఆ కంత దగ్గరే నేల మీద కూలబడి ఉన్నాడు. కంత అంచుకి నుదురు ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. తండ్రి కోసమో, అన్న కోసమో. ఎవరి కోసమని అడుగుతాం?

నేను ఒక్కడుగు వేశాను. పెద్దాయనా, ఒక్క నిమిషం పక్కకి జరగండి, మావాడికి ఇదే ఆఖరు అని చెబుదామని. చెప్పేవాణ్ణే. బావ నా మణికట్టు పట్టుకున్నాడు. ఎముక విరుగుతుందేమో అన్నంత గట్టిగా పట్టుకున్నాడు. నా వైపు ఆ చూపు చూశాడు, ఆవరణలో మాట్లాడేవాళ్ళని చూసే చూపు. తర్వాత నన్ను తలుపు దాకా వెనక్కి లాక్కొచ్చాడు. అక్కడ ఇద్దరం నిలబడ్డాం. ముసలాయన లేస్తాడేమోనని చూస్తూ నిలబడ్డాం. బావ చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఒకసారి ఆయన పెదాలు కదిలాయి, ఏదో అనుకున్నాడు, మళ్ళీ మూసుకున్నాడు. నాకు గొంతు చించుకుని అరవాలనిపించింది. అరవలేదు.

ముసలాయన ఏడుపు చప్పుడు అణిగింది గానీ కంత మీంచి నుదురు తీయలేదు, అంతలో అటువైపు నుంచి అక్క పరుగున వచ్చేసింది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళనిండా నీళ్ళతో. తలుపు దగ్గరే బావ రెండు చేతులూ పట్టుకుంది.

“చాలయ్యా, చాలు. విన్నాను. ఇంక ఏడవకు,” అంది. “ఎందుకంతలా ఏడ్చావు పిచ్చివాడా? నేను లేనూ? పిలుస్తావనుకున్నాను గానీ... పోన్లే. ఇన్నేళ్ళలో ఒక్కసారి నా ముందు కన్నీళ్ళు పెట్టావా? ఇవాళ నాకోసం ఏడ్చావు. నాకది చాలు.”

బావ కళ్ళు పొడిగా ఉన్నాయి. ఆమె కళ్ళలో నీళ్ళకి అది కనపడలేదు.

ఆమె ఆయన వెనకాల లోపలికి చూడబోయింది. బావ ఆమె భుజాల మీద చేతులేసి మెల్లగా అటు తిప్పేశాడు, గేటు వైపు నడిపించాడు. పోతూ పోతూ ఆమె తల మీదుగా నన్ను చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆయన నాకు చెప్పిన ఆఖరి మాట అదే అనుకోవాలి.

ఆపరేషనయ్యాక మెడకి పలచటి గుడ్డ చుట్టుకుని మళ్ళీ ఉద్యోగానికి వచ్చాడు. ఆ పనికి గొంతు అక్కర్లేదుగా. చెవులమ్మ భుజాలు తుడిచేవాడు, తలుపు తీసేవాడు. సాయంత్రం గుమ్మంలో కూర్చుంటే, వచ్చినవాళ్ళందరికీ అక్క ఆ పొద్దుటి కథ చెప్పేది. తను గోడ ఇవతల ఎలా కూర్చున్నదీ, ఆయన ఎలా ఏడ్చిందీ, ఆ ఏడుపులో తన పేరు కూడా ఉన్నట్టు ఎలా అనిపించిందీ. చెప్పి, “అవునా కాదా?” అని ఆయన్నే అడిగేది. బావ ప్రతిసారీ అవునని తలూపేవాడు. వేలంలో కందిగింజంత తేడా వచ్చినా ఒప్పుకోని మనిషి.

జబ్బు తిరగబెట్టింది. ఎక్కువ రోజులు పట్టలేదు. పోయేటప్పుడు ఏ చప్పుడూ లేదు. పక్కవాటా వాళ్ళకి మేం వెళ్ళి చెబితే గానీ తెలీలేదు.

ఇప్పుడు అక్క అప్పుడప్పుడూ ఆ ఆవరణకి వస్తుంది. చెవులమ్మ పక్కన కూర్చుని గోడకి చెవి పెడుతుంది. ఎవరూ ఆమెని లెమ్మనరు. పోయేముందు, లారీ దెబ్బ తర్వాత నేను కొత్తగా వేసుకున్న రేకు కింద కాసేపు ఆగుతుంది. మొన్న కూడా ఆగింది. నేను ఓ సంచికి జిప్పు వేస్తున్నాను.

“ఒరేయ్,” అంది, “ఆరోజు నువ్వు ఆయన పక్కనే ఉన్నావు కదా. నేను గోడ ఇవతల నుంచి విన్నదే గానీ చూడలేదు. నిజం చెప్పు. నాకోసం ఏడ్చాడు కదూ?”

మిషను ఆపాను. ఆ ముసలాయన ఎవరో, మళ్ళీ ఎప్పుడన్నా వచ్చాడో లేదో నాకు తెలీదు.

“ఏడ్చాడక్కా,” అన్నాను. “చాలాసేపు ఏడ్చాడు.”